చివరి నుంచి ఒకటి అంటే ఏది? పైథాన్ డాక్యుమెంటేషన్‌తో ఏడేళ్లు

తిరుపతి బాలాజీ కాలనీలో ఒక మేడమీది గదిలో సాయంత్రం బ్యాచ్‌లకి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష చెప్పడం మొదలుపెట్టి ఏడేళ్లయింది. ఇన్నేళ్లూ అధికారిక డాక్యుమెంటేషనే నా పాఠ్యపుస్తకం. మొత్తం దాని మీద రాయడం నా వల్ల కాదు. వరసలో ఏది ఎక్కడుందో చెప్పే అంకె ఇండెక్స్, లెక్క సున్నా నుంచి మొదలు. మైనస్ ఇండెక్స్ గురించి డాక్యుమెంటేషన్‌లో రాసిన మాటలు క్లాసులో ఎక్కడ నిలబడ్డాయి, ఎక్కడ జారాయి, అంతవరకే ఈ సమీక్ష.

ఇండెక్స్ మైనస్ సంఖ్య కూడా కావచ్చు, అప్పుడు లెక్క కుడి నుంచి మొదలవుతుంది అంటుంది ట్యుటోరియల్, అంటే డాక్యుమెంటేషన్‌లో పాఠాల భాగం. కిందే 'పైథాన్' అనే ఆరక్షరాల ఇంగ్లీషు మాట. -1 పెడితే ఎన్, -6 పెడితే పీ. ఇంతవరకు ఎవరికైనా ఎక్కుతుంది. చిక్కల్లా ఆ "కుడి" దగ్గరే. స్ట్రింగుకి, అంటే అక్షరాల వరసకి, కుడి ఉంటుంది సరే, ఎక్సెల్ షీటు నుంచి తెచ్చుకున్న పేర్ల లిస్టుకో? ఒకమ్మాయి అడగనే అడిగింది, "పేర్లు కిందికి కదా సార్ ఉండాయి, కుడి ఏంది?" అని. అప్పట్నుంచి "చివరి నుంచి" అనడం అలవాటు చేసుకున్నా.

అదీ పూర్తిగా గట్టి మాట కాదు. "చివరి నుంచి ఒకటి" అనగానే సగం మంది చివరిదాన్ని వదిలేసి దాని ముందున్నదాన్ని చూపిస్తారు. వాళ్లననేం లాభం? ఇండెక్స్ ఒకటి అంటే రెండోది అని ముందు రోజే నేర్పింది నేను! దీనికి ట్యుటోరియల్ ఒక్క ముక్కలో జవాబిస్తుంది: -0 అన్నా 0 అన్నా ఒకటే కాబట్టి మైనస్ లెక్క -1 నుంచి మొదలు. చాలామంది చదవకుండా దాటేసే వాక్యం ఇది. నేనూ దాటేశాను, దెబ్బ తిన్నాను.

కొత్తగా చేరినవాళ్లకి మాత్రం రోజూ రాత్రి స్వాగతం మెసేజ్ వెళ్లేలా ఒక చిన్న స్క్రిప్టు రాసుకున్నా. పేర్లు[-కొత్త:] అని ఒక్క లైను. కొత్త అంటే ఆ రోజు చేరినవాళ్ల సంఖ్య, చివరి నుంచి అన్ని పేర్లు తీసుకోమని. నెలల తరబడి బాగానే నడిచింది. ఒక ఆదివారం ఎవరూ చేరలేదు. కొత్త విలువ సున్నా. పేర్లు[-0:] అంటే పేర్లు[0:], అంటే మొత్తం లిస్టు. ఎప్పుడో కోర్సు ముగించి ఉద్యోగాలకి వెళ్లిపోయినవాళ్లకి కూడా "క్లాసులో చేరినందుకు అభినందనలు" వెళ్లింది. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఇప్పుడు పేర్లు[లెన్(పేర్లు)-కొత్త:] అని రాస్తున్నా. లెన్ అంటే మొత్తం ఎన్ని ఉన్నాయో చెప్పేది.

నాకు అన్నిటికంటే నచ్చిన వాక్యం డాక్యుమెంటేషన్‌లోనే మరో భాగమైన లైబ్రరీ రిఫరెన్సులో, పట్టిక కింద నోట్సులో నక్కి ఉంది. ఇండెక్స్ మైనస్ అయితే దానికి లెన్ కలుపుతారు, వచ్చిన సంఖ్యనే వాడతారు, అయితే -0 మాత్రం సున్నాయే. అంతే. కుడీ లేదు, వెనకా లేదు. మా పిల్లలకి దీన్ని కొండ మీద పెట్టి చెబుతా. అలిపిరి నుంచి 3,550 మెట్లు. కింద మొదటి మెట్టు సున్నా అనుకుంటే పైన చివరి మెట్టు 3549. దాన్నే -1 అనొచ్చు. -3550 అంటే మళ్లీ అలిపిరి. -3551 అంటే ఎర్రర్, అక్కడ మెట్టు లేదు. స్లైసుకి, అంటే రెండు చుక్కలు పెట్టి ఒక ముక్క మొత్తం అడగడానికి, మాత్రం ఆ పట్టింపు లేదు, [-5000:] అడిగినా నోరెత్తకుండా మెట్లన్నీ ఇచ్చేస్తుంది.

స్లైసు దగ్గర ట్యుటోరియల్ గీసిన బొమ్మ బంగారం. అంకెలు అక్షరాల మీద కాదు, అక్షరాల మధ్య గీతల మీద ఉన్నట్టు చూపిస్తుంది. దాన్ని పెద్దగా ప్రింటు తీసి గోడకి అంటించాను. లిస్టులో కొత్తది దూర్చే ఇన్సర్ట్ గురించి కూడా మాట జాగ్రత్తగానే వాడారు: ఏ ఐటమ్‌కి ముందు పెట్టాలో దాని ఇండెక్స్ ఇవ్వాలి. అందుకే అక్కడ -1 ఇస్తే కొత్తది చివర కూర్చోదు, చివరిదానికి ముందు దూరుతుంది. చదివినా "చివర పెట్టు" అనుకునేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఇద్దరు ముగ్గురుంటారు.

ఆర్ అనే మరో ప్రోగ్రామింగ్ భాష నుంచి వచ్చినవాళ్లకి ఈ పాఠం మరీ కష్టం. అక్కడ -1 అంటే మొదటిది తీసేసి మిగతావన్నీ ఇవ్వమని.

డాక్యుమెంటేషన్ మీద నాకున్న అసలు ఫిర్యాదు "క్యారెక్టర్" అన్న మాట మీద. స్ట్రింగ్ అంటే యూనికోడ్ కోడ్ పాయింట్ల (ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకి విడిగా ఇచ్చిన అంకెల) వరస అని రిఫరెన్సులో సరిగ్గానే ఉంది. ట్యుటోరియల్ మాత్రం -1 అంటే చివరి క్యారెక్టర్ అంటుంది. ఇంగ్లీషు మాటకి పరవాలేదు. 'తిరుపతి' అని రాసి లెన్ చూస్తే కంటికి నాలుగక్షరాలు, పైథాన్‌కి ఏడు. -1 పెడితే "తి" రాదు, ఉత్త గుడి వస్తుంది. అది తెరమీద చూసి వెనక బెంచీలో ఒకడు, "తిరపతి చివర గుడి కాకుండా ఇంకేముంటాది సార్" అన్నాడు. క్లాసంతా నవ్వారు. కోడ్ పాయింట్ సంగతి మర్నాడు మళ్లీ చెప్పాల్సొచ్చింది.