ఈనిన ఆవుకు ఎద సూది: రెండో నెలలోనా, మూడో నెలలోనా?

జడ్చర్ల, దేవరకద్ర వైపు నుంచి, ఈ మధ్య నల్లగొండ నుంచి కూడా పాడి రైతులు నన్ను ఒకటే అడుగుతున్నారు. "ఈని నలభై ఐదు రోజులైంది, ఎదకొచ్చింది. సూది వేయించాలా, ఇంకో ఎద చూడాలా?" (సూది అంటే ఎదకొచ్చిన, అంటే జతకు సిద్ధమైన, ఆవుకు వీర్యం ఎక్కించడం.) నిరుడు నాకూ ఇదే టెన్షన్. ఒక ఆవు దగ్గర తొందరపడ్డాను, ఇంకో ఆవు దగ్గర ఆగాను.

తొందరపడేవాళ్ల లెక్క తప్పేమీ కాదు. చూలు 280 రోజులు. ఏడాదికో దూడ కావాలంటే ఈనిన 85 రోజుల్లో మళ్లీ చూలు కట్టాలి. ఒక ఎద వదిలితే 21 రోజులు వెనక్కి పోయినట్టే, ఆ మేత ఖర్చు మన నెత్తినే. ఈనాక గర్భసంచి మళ్లీ కుదురుకోవడానికి ఇంచుమించు ఆరు వారాలు పడుతుంది. మాయ సరిగ్గా పడి, తీగ (ఎదలో మానం నుంచి కారే జిగురు) గాజులా తేటగా ఉంటే 45 రోజులు దాటాక వేయించవచ్చు. తీగలో తెల్లటి చీము పలుకులు కనిపిస్తే మాత్రం సూది మాట పక్కనపెట్టి డాక్టరుకు చూపించాలి.

ఆగమనేవాళ్ల మాటలోనూ పస ఉంది. ఈనిన కొత్తలో ఆవు తిన్నదానికంటే ఎక్కువే పాలలో పోస్తుంది, ఒళ్లు కరిగిపోతుంది. పక్కటెముకలు తేలిన హెచ్.ఎఫ్. (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవుకు సూది వేయించి చూలు నిలవలేదని బాధపడితే లాభం లేదు.

ఇంతవరకు అందరికీ తెలిసిందే. రోజులు లెక్కపెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, సూదికి ముందు పొదుగు చూసేవాళ్లే తక్కువ. నా దృష్టిలో అసలు తేల్చేది పొదుగే.

నిరుడు వానాకాలంలో ఈనిన మా ఆవుకు మూడో వారంలో వెనక ఎడమ చన్ను రాయిలా గట్టిపడింది. చన్నులోకి మందు ట్యూబులు ఎక్కించారు, వాపు తగ్గింది, పాలు తెల్లగా వచ్చాయి. నయమైందనుకున్నాను. 47వ రోజు ఎదకొస్తే సూది వేయించాను. 21 రోజులకు తిరిగి పొర్లింది, అంటే చూలు నిలవక మళ్లీ ఎదకొచ్చింది. మళ్లీ వేయించాను, మళ్లీ పొర్లింది. మూడోసారీ అంతే. ఊళ్లో ఒకరు వీర్యం మంచిది కాదన్నారు, ఒకరు ఆవును అమ్మెయ్యమన్నారు. చివరికి డాక్టరు గారు గర్భసంచి చూసి బాగానే ఉందన్నారు, "నాలుగు చన్నుల పాలూ వేరువేరుగా పట్టండి" అన్నారు.

లీటరు నీళ్లలో 30 గ్రాముల బట్టల సబ్బు పొడి కలిపి, నాలుగు టీ కప్పుల్లో ఒక్కో చన్ను పాలు కొద్దిగా పట్టి, అంతే సబ్బు నీళ్లు పోసి నిమిషంపాటు తిప్పాం. మూడు కప్పుల్లో నీళ్లలాగే కదిలింది. నాలుగో కప్పులో గంజిలా చిక్కబడి, వంచితే ముద్దగా జారింది. పైకి ఏమీ కనిపించని పొదుగువాపు ఆ చన్నులో ఇంకా ఉంది. (ఈనిన మొదటి వారంలోనూ, ఒట్టిపోయే ముందూ ఈ పరీక్ష చేయకండి. రోగం లేకున్నా పాలు చిక్కబడతాయి.)

పొదుగుకూ చూలుకూ సంబంధమేమిటని నాకూ అనిపించింది. పొదుగులో వాపు ఉంటే దాని ప్రభావం రక్తంలో కలిసి అండం విడుదలను ఆలస్యం చేస్తుంది. ఎద కనిపించిందని సూది వేయిస్తాం, అండం సమయానికి రాదు. ఒకవేళ నిలిచినా, వాపు వల్ల ఒంట్లో పుట్టే ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థం ఆ చూలును జార్చేయగలదు. ఆవును ఎదకు తెప్పించడానికి డాక్టర్లు ఇచ్చే ఇంజక్షన్ కూడా ఆ జాతి మందే. ఇది విన్నాక నా మూడు సూదులు ఎందుకు వృథా అయ్యాయో అర్థమైంది. ఆ చన్నుకు మళ్లీ వైద్యం చేయించి 131వ రోజు వేయిస్తే నిలిచింది.

దసరా తర్వాత ఈనిన రెండో ఆవు 52వ రోజు ఎదకొచ్చింది. కప్పుల్లో ఒకటి కొంచెం చిక్కబడింది, ఆ ఎద వదిలేశాను. పాలు పితికాక ప్రతిసారీ చనుమొనలను అయోడిన్ మందులో ముంచాం. చన్నుల రంధ్రాలు మూసుకునేదాకా పడుకోకుండా వెంటనే పచ్చిమేత వేసి అరగంటపైనే నిలబెట్టాం. 73వ రోజుకు నాలుగు కప్పులూ పలచగా ఉన్నాయి. పొద్దున ఎద చూసి సాయంత్రం సూది వేయించాం, ఒక్కసారికే కట్టింది.

ఇక ఆంబోతు దగ్గరికి తోలడం గురించి చెప్పేదేం లేదు, ఊరి రోగాలన్నీ దానితోనే తిరుగుతాయి. ఎదకు రప్పించే ఇంజక్షన్లు డాక్టరు చూసి ఇవ్వాల్సినవి, మనంతట మనం అడిగి వేయించుకునేవి కావు.

మన పాలమూరు ఎండల సంగతి ఒకటుంది. చలికాలం మొదట్లో ఈనిన ఆవుకు ఆగడం మంచిదే, కానీ సంక్రాంతికి ఈనిన ఆవుకు మూడో నెలంటే మార్చి సగం నుంచి ఏప్రిల్ సగం దాకా. అప్పటికి పగలు ఎద లక్షణాలు సరిగ్గా కనిపించవు, సూది వేయించినా నిలిచేవి తక్కువ. మా జెర్సీ సంకరం పుష్యమాసంలో ఈనబోతోంది. యాభై రోజులకు కప్పులు పలచగా ఉంటే మార్చి మొదట్లో వచ్చే ఎదకే వేయిస్తాను. ఒక్క కప్పు చిక్కబడినా ముందు పొదుగుకే వైద్యం.