ప్రారంభోత్సవం ప్యాకేజీ: పూలు భేష్, రిబ్బన్ దగ్గరే తడబాటు

కోనసీమలో కొత్త షాపు తెరిచేవాళ్లు ఇప్పుడు పందిరి ఒకరికి, పూలు ఒకరికి, మైకు ఇంకొకరికి పురమాయించడం మానేశారు. 'ఇనాగరేషన్ ప్యాకేజీ' అని అంతా ఒకరికే అప్పజెబుతున్నారు. అమలాపురం వైపు అలాంటి ఒక డెకరేషన్ వాళ్ల పని ఇది.

పూలకు వంక పెట్టలేం. బంతి, చామంతి కడియపులంక మార్కెట్ నుంచి తెల్లవారుజామునే దిగుతాయి, దండలు అక్కడికక్కడే గుచ్చుతారు. రాత్రే గుచ్చి ప్లాస్టిక్ కవర్లో కుక్కితే మన ఉక్కపోతకి తెల్లారేసరికి రేకలు నల్లబడతాయి. ఆ సంగతి వీళ్లకి బాగా తెలుసు. ఆర్చికి సరుగుడు కర్రలు లోతుగానే పాతారు గానీ, ఫ్లెక్సీకి గాలి కంతలు కోయలేదు. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైతే అది తెరచాపలా ఉబ్బి కర్రల్నే లాగేస్తుంది.

అసలు తంటా రిబ్బన్‌తో. 10 అడుగుల షట్టర్‌కి 10 అడుగుల రిబ్బనే తెచ్చారు. ముళ్లకే అటో అడుగు ఇటో అడుగు పోతుంది, మధ్యలో పువ్వు ముడి కావాలంటే 15 అడుగులైనా ఉండాలి. చాలీచాలని రిబ్బన్‌కి దారం అతికించి కడితే వదులుగా వేలాడుతుంది. వదులైన శాటిన్ కత్తెర రేకుల మధ్య మడతపడుతుందే తప్ప తెగదు. పళ్లెంలో పెట్టే బంగారు రంగు కత్తెర ఫోటోకే పనికొస్తుంది. పక్కన టైలరు కత్తెర ఒకటి ఉంచమనండి, ముందే ఓ ముక్క కోయించి చూడండి.

కుందిలో నూనె నిండా పోశారు. వత్తి మునిగితే వెంటనే అంటుకోదు. కొస అర అంగుళం పైకి లాగి కర్పూరం పొడి అద్దాలి, ఎదురు ఫ్యాను ఆపాలి.

కార్డు మీద ముహూర్తం వేసి, అతిథి రాలేదని దీపం వెలిగించకుండా ఆపడం ఇంకో పొరపాటు. ఇనాగరేషన్ మాట పుట్టిందే శకునం నుంచి. రోమ్‌లో అవుగుర్ అనే శకున పురోహితులు పక్షుల తీరు చూసి దేవతల సమ్మతి చెప్పాకే పెద్ద పనులు మొదలయ్యేవి. ఆ తంతుకున్న లాటిన్ పేరే ఇంగ్లీషులోకి వచ్చింది. ఇక్కడ పక్షుల బదులు పంచాంగం. కాబట్టి వేళకి దీపం యజమాని చేత వెలిగించేసి, రిబ్బన్ అతిథికి అట్టేపెడితే ఎవరికీ నొప్పి ఉండదు. ఈ సలహా ఇవ్వాల్సింది ప్యాకేజీ వాళ్లే.

5కి 3 ఇవ్వొచ్చు. బేరం ఆడేటప్పుడే జనరేటర్ డీజిల్, పందిరి విప్పే కూలీ, పూల చెత్త ఎత్తడం కాగితం మీద రాయించుకోండి. చెత్తకి విడిగా అడుగుతున్నారు.