హోండా సిటీ వీటెక్ గేరు లివరు బుష్ సెట్లు: ఏవి వేయించాలి, ఏవి వద్దు

2000 నుంచి 2003 దాకా అమ్ముడైన హోండా సిటీ 1.5 వీటెక్ మీద మోజు ఇంకా తగ్గలేదు. ఆ 106 హార్స్‌పవర్ ఇంజను ఇప్పటికీ ఉరుకుతుంది. ముందు ముసలిదయ్యేది గేరు లివరే. మూడో గేరు వెతుక్కోవాల్సి వస్తుంది, గేరులో ఉండగానే లివరు కుడిఎడమలకు ఊగుతుంది, గతుకుల్లో గలగలమంటుంది. ఇవి చూడగానే గేర్‌బాక్సు దించాలనే మెకానిక్కులు ఉన్నారు. చాలా బండ్లలో దాని జోలికి పోనక్కర్లేదు. అరిగేది గేర్‌బాక్సు బయట, కీళ్ల దగ్గర లూజు లేకుండా పట్టి ఉంచే నాలుగైదు చిన్న గొట్టాల్లాంటి బుష్‌లు.

వీటికి మార్కెట్లో మూడు దారులు ఉన్నాయి: ఒకటి కంపెనీ వాళ్ల రబ్బరు-నైలాన్ బుష్‌లు, రెండు ఆన్‌లైన్లో వచ్చే పాలీయూరిథేన్ (రబ్బరు కంటే గట్టి ప్లాస్టిక్) పూర్తి సెట్టు, మూడు మన లేతు షాపుల్లో చేయించే గన్‌మెటల్ (ఒక రకం కంచు) లేదా డెల్రిన్ (జారుడు గుణమున్న గట్టి ప్లాస్టిక్) బుష్‌లు. మా తీర్పు ముందే చెప్తాం: లివరు కింది బుష్ ఒక్కటి గట్టిది వేయండి, బాడీకి పట్టి ఉండే రబ్బరును మాత్రం రబ్బరుగానే ఉంచండి. పాలీ సెట్టు మొత్తం ఎక్కించడం మన రోడ్లకు మంచిది కాదు.

కొనే ముందు జబ్బు ఏదో తేల్చుకోవాలి. బండి ఆపి, ఇంజను ఆర్పి, ఒకరు లోపల కూర్చుని లివరు కదుపుతుంటే ఇంకొకరు కింద పిట్‌లోంచి చూడాలి. లివరు కదిలినా దాని అడుగున కలిసే రాడ్డు వెంటనే కదలకపోతే బుష్ పోయినట్టే. న్యూట్రల్‌లో కాస్త ఊగడం సహజం, దానికి భయపడొద్దు. ఇంజను ఆగినప్పుడు అన్ని గేర్లూ సాఫీగా పడి, ఇంజను నడుస్తున్నప్పుడు మాత్రం ఒకటో గేరు, రివర్స్ మొండికేస్తే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. బుష్‌లు మార్చినా డబ్బు దండగ. ఒక్క మూడో గేరులోనే, అదీ ఎక్కువ ఆర్‌పీఎం మీద, కర్రుమంటే అది గేర్‌బాక్సు లోపల గేర్ల వేగాలు కలిపే సింక్రోనైజర్ రింగు అరుగుదల. ఆక్సిలేటరు తొక్కినప్పుడూ వదిలినప్పుడూ లివరు ముందుకూ వెనక్కూ ఊగితే ఇంజను మౌంట్లు చూడండి.

ఈ కారులో గేరు కేబుళ్లు లేవు. రెండు ఇనుప రాడ్లు లివరు నుంచి గేర్‌బాక్సు దాకా పోతాయి. ఒకటి షిఫ్ట్ రాడ్డు, గేరు మార్చేది అదే. రెండోది ఎక్స్‌టెన్షన్ రాడ్డు. ఇంజను కదిలినప్పుడు లివరు కూడా దానితో పాటే కదిలేలా చేసి, గేరు జారిపోకుండా కాపాడేది ఇది. లివరు మధ్యలో ఉన్న గుండు నైలాన్ గిన్నెలో తిరుగుతుంది. లివరు అడుగున షిఫ్ట్ రాడ్డుకు కలిపే చోట ఒక బోల్టు, దాని మీద స్టీలు కాలరు, దానికి రెండు వైపులా బుష్‌లు. ఎక్స్‌టెన్షన్ రాడ్డుకు ముందు చివర ఒక రబ్బరు బుష్, వెనక బాడీకి పట్టే చోట ఇంకో రబ్బరు మౌంటు. సైలెన్సరు పైపు ఈ రాడ్ల పక్కనుంచే పోతుంది. మే నెలలో బయటే 45 డిగ్రీలుంటే, పైపు వేడి కూడా తగిలి రబ్బరు ఎండి పగుళ్లు తేలుతుంది. చెలక భూముల ఇసుక దుమ్ము చిరిగిన బూటులోంచి (కీలును కప్పే రబ్బరు తొడుగులోంచి) దూరి నైలాన్‌ను అరగదీస్తుంది. అందుకే ఏ సెట్టు కొన్నా బూటు లేకుండా కొనొద్దు.

పాలీయూరిథేన్ సెట్టు సంగతి. వేసిన రోజు అద్భుతంగా ఉంటుంది, దాంట్లో అనుమానం లేదు. గేరు ఎక్కడుందో చేతికి స్పష్టంగా తెలుస్తుంది. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు రెండు, మూడు గేర్ల మధ్య మాటిమాటికీ మారుస్తుంటే ఆ తేడా బాగా కనిపిస్తుంది. కానీ వెనక మౌంటు కూడా పాలీది వేస్తే ఇంజను వణుకు నేరుగా క్యాబిన్లోకి వచ్చి, 3000 ఆర్‌పీఎం దాటాక లివరు ఝుమ్మంటుంది. సిలికాన్ గ్రీజు లేకుండా బిగిస్తే కీచుమంటుంది. చౌక సెట్లలో ఇంకో పెద్ద లోపం కాలరు పొడుగు. స్టీలు కాలరు బుష్‌ల కంటే 0.2 మిల్లీమీటర్లు పొడుగ్గా ఉండాలి, అప్పుడే బోల్టు బిగింపు కాలరు మీద పడి బుష్ స్వేచ్ఛగా తిరుగుతుంది. కాలరు పొట్టిదైతే బోల్టు బుష్‌ను నొక్కేస్తుంది, లివరు బిగుసుకుని న్యూట్రల్‌కు తనంతట తాను రాదు. కొరియర్ పెట్టె విప్పగానే వెర్నియర్ కాలిపరుతో కొలవండి. పొట్టిగా ఉంటే వాపసు పంపండి.

లేతు పనికి మన నల్గొండ జిల్లాలో లోటు లేదు. మిర్యాలగూడ రైస్ మిల్లుల పుణ్యమా అని గన్‌మెటల్ బుష్‌లు తిప్పే చేతులు అక్కడ ఉన్నాయి. అయితే ఈ పనికి గన్‌మెటల్ కంటే డెల్రినే మేలు. గన్‌మెటల్‌కు గ్రీజు ఎప్పుడూ ఉండాలి. దుమ్ము పట్టిందంటే లోహం మీద లోహం రాసుకుని కొత్త లూజు తయారవుతుంది, చప్పుడు పాతదానికంటే ఎక్కువ. డెల్రిన్ నైలాన్ లాగా తేమ పీల్చి ఉబ్బదు, గ్రీజు తక్కువైనా జారుతుంది. లేతు ఆయనకు పాత బుష్ ఇచ్చి 'ఇలాగే చెయ్యి' అంటే అరుగుదలతో సహా అలాగే చేస్తాడు. కాలరు బయటి కొలత ఇచ్చి, లోపలి రంధ్రం దానికంటే 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్లు పెద్దదిగా ఉంచమని కాగితం మీద రాసివ్వండి. గుండు కూర్చునే గిన్నె మాత్రం లేతులో చేయించొద్దు, గోళాకారం కుదరదు. అది కంపెనీదే తెప్పించాలి.

కంపెనీ రబ్బరు బుష్‌లు హైదరాబాద్ నుంచి ఆర్టీసీ కార్గోలో తెప్పించుకోవచ్చు. రోజూ నడిపే బండికి ఇవి చాలు, క్యాబిన్ నిశ్శబ్దంగా ఉంటుంది. కానీ ఏళ్ల తరబడి గోడౌన్లో పడి ఉన్న రబ్బరు అంటగడతారు. చేతిలో వంచి చూడండి, సన్న పగుళ్లు తేలితే తీసుకోవద్దు. రబ్బరుకు మామూలు గ్రీజు పూస్తే ఉబ్బి మెత్తబడుతుంది, సిలికాన్ గ్రీజే వాడాలి.

బిగింపులో అసలు పరీక్ష షిఫ్ట్ రాడ్డు ముందు చివర ఉన్న స్ప్రింగ్ పిన్ను. 8 మిల్లీమీటర్ల పిన్ను అది, గేర్‌బాక్సు దగ్గర రబ్బరు బూటు కింద, క్లిప్పు వెనక దాక్కుని ఉంటుంది. ముందురోజే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచాలి. సైలెన్సరు ముందు పైపు విప్పితే సుత్తికి చోటు దొరుకుతుంది. అదే సైజు పొడుగాటి పిన్ పంచ్‌తో కొట్టాలి. మేకుతోనో స్క్రూడ్రైవరుతోనో కొడితే పిన్ను నోరు విచ్చుకుని ఇక రాదు. డ్రిల్లు పెడితే గట్టి స్ప్రింగ్ స్టీలు మీద బిట్టు జారిపోతుంది. గ్యాస్ మంటతో వేడి చేస్తానంటే ఒప్పుకోవద్దు, పక్కనే ఆయిల్ సీలు, అల్యూమినియం బాడీ ఉన్నాయి. తిరిగి కొత్త పిన్నే వేయాలి. లివరు బుష్‌లు మాత్రమే మారుస్తుంటే ఈ పిన్ను ముట్టుకోనక్కర్లేదు, వెనక బోల్టు విప్పితే చాలు. బూటు లోపల ఆయిల్ తడి ఉంటే మాత్రం పిన్ను తీసి సీలు కూడా మార్చేయండి.

8 మిల్లీమీటర్ల బోల్టులకు 22 న్యూటన్ మీటర్ల బిగింపు సరిపోతుంది. ఎక్స్‌టెన్షన్ రాడ్డు బోల్టులు చేత్తో ఎక్కించి, లివరును న్యూట్రల్‌లో నిలబెట్టి, ఆ తర్వాత బిగించండి. లేకపోతే రబ్బరు మెలితిరిగి, లివరు ఒక పక్కకు లాగుతుంది.

కొత్త బుష్‌లతో కూడా పొద్దున్నే రెండో గేరు బరువుగా పడుతుంటే ఆయిల్ చూడండి. అలవాటు కొద్దీ 90 నంబరు గేరాయిల్ పోసేస్తుంటారు. ఈ గేర్‌బాక్సుకు కావాల్సింది హోండా ఎంటీఎఫ్ (మాన్యువల్ గేర్‌బాక్సు ఆయిల్), సుమారు 1.8 లీటర్లు. అది దొరికేదాకా 10డబ్ల్యూ-30 ఇంజనాయిల్ తాత్కాలికంగా పోయొచ్చు.

సెట్టుతో పాటు షార్ట్ షిఫ్టరు కూడా కలిపి అమ్ముతున్నారు. లివరు దూరం తగ్గుతుంది, కానీ ఆ మేరకు బలం పెరిగి అరిగిన సింక్రో రింగుల మీద పడుతుంది. లక్ష కిలోమీటర్లు దాటిన బండికి వద్దు.

బిగించాక ఇంజను ఆర్పి అయిదు గేర్లూ, రివర్సూ వేసి చూడండి. ప్రతి గేరులోనూ లివరు కింది భాగం కన్సోల్ అంచుకు తగలకూడదు. 500 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి పిట్ మీదికి ఎక్కించి, ఎక్స్‌టెన్షన్ రాడ్డు ముందు బోల్టు తిరిగి బిగించండి, కొత్త రబ్బరు సర్దుకున్నాక వదులయ్యేది అదే.