యూరాక్సెస్: విశాఖ నుంచి పోస్ట్‌డాక్ వెతికేవారికి ఎంతవరకు పనికొస్తుంది?

పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం) లాంటి ఖాళీలు చూపే ఈ పోర్టల్‌ను యూరోపియన్ కమిషన్ నడుపుతుంది, పూర్తిగా ఉచితం. ఆంధ్రా యూనివర్సిటీ బయోకెమిస్ట్రీ, జువాలజీల్లో పీహెచ్‌డీ ముగిస్తున్నవాళ్లు తప్పక చూడాలి.

‘బయలాజికల్ సైన్సెస్’తో పాటు ఆర్2 ఫిల్టర్ పెట్టండి. పీహెచ్‌డీ పూర్తయి, ఇంకా పూర్తి స్వతంత్ర పరిశోధకులు కానివారి స్థాయి అది. ‘పోస్ట్‌డాక్’ అని మాత్రమే కొడితే ‘రీసెర్చ్ అసోసియేట్’ పేరుతో పడ్డ ఖాళీలు జారిపోతాయి. ఇక గడువు: ప్రకటనలో బ్రసెల్స్ టైమ్ సాయంత్రం 5 అని ఉంటే మనకు వాళ్ల చలికాలంలో రాత్రి 9.30, వేసవిలో 8.30. తేదీ ఒక్కటే చూసుకుంటే అవకాశం పోయినట్టే!

అన్ని ల్యాబులూ ఇక్కడ ప్రకటన ఇవ్వవు, అదే లోటు. అలాంటిచోట ప్రొఫెసర్‌కే మెయిల్ రాయాలి. ఆయన తాజా పేపర్, మీ చేతికి బాగా వచ్చిన టెక్నిక్ మొదటి నాలుగు వాక్యాల్లోనే ఉండాలి.