నిక్స్‌ఓఎస్‌లో పాత జనరేషన్‌కు వెళ్లినా పాస్‌వర్డ్ తిరిగి రాకపోతే: దీర్ఘకాల వాడకం తర్వాత ఒక సమీక్ష

మొత్తం సిస్టమ్‌ను కాన్ఫిగరేషన్ ఫైళ్లలో రాసిపెట్టి, వాటి నుంచే తయారుచేసుకునే లినక్స్ రకం నిక్స్‌ఓఎస్. దాని మీద నాకున్న అభిమానానికి మూలం బూట్ మెనూలో కనిపించే జనరేషన్ల, అంటే సిస్టమ్ ఒక్కో దశలో ఎలా ఉందో దాచి ఉంచిన రూపాల జాబితా. కాన్ఫిగరేషన్ మార్చి మళ్లీ బిల్డ్ చేసిన ప్రతిసారీ కొత్త జనరేషన్ ఒకటి అందులో చేరుతుంది, పాతవి ఎక్కడివక్కడే ఉంటాయి, కొత్తది మొరాయిస్తే రీస్టార్ట్ చేసి అంతకు ముందుదాన్ని ఎంచుకుంటే సరిపోతుంది. గ్రాఫిక్స్ డ్రైవర్ చెడినప్పుడూ, కొత్త కెర్నల్‌తో నెట్‌వర్క్ కార్డు పనిచేయనప్పుడూ నన్ను గట్టెక్కించింది ఈ సదుపాయమే. ఈ అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. కానీ అడ్మినిస్ట్రేటర్ అధికారమే చేజారినప్పుడు ఈ జాబితా ఎంతవరకు ఆదుకుంటుందన్నది వేరే విషయం, దాని గురించే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నేనూ ఒక మిత్రుడూ కలిసి నడిపే సర్వర్‌లో ఖాతాలను చేత్తో మార్చే పద్ధతి మానేసి, అన్నీ కాన్ఫిగరేషన్ నుంచే రావాలని, చేత్తో చేసే మార్పులను అనుమతించే మ్యూటబుల్‌యూజర్స్ ఆప్షన్‌ను ఫాల్స్ చేశాం. పాస్‌వర్డ్ హ్యాష్‌ను (పాస్‌వర్డ్‌కు బదులు దాచుకునే సంకేత రూపాన్ని) కాన్ఫిగరేషన్‌లో నేరుగా రాస్తే అది ప్యాకేజీలు, తయారైన ఫైళ్లు ఉండే నిక్స్ స్టోర్‌లోకి చేరి, ఆ యంత్రంలో ఖాతా ఉన్న ఎవరికైనా చదవడానికి వీలవుతుంది. అందుకని హ్యాష్‌ను విడి ఫైలులో ఉంచి, ఆ ఫైలు ఎక్కడుందో మాత్రం హ్యాష్డ్‌పాస్‌వర్డ్‌ఫైల్ అనే ఆప్షన్‌లో ఇచ్చాం (23.11 విడుదలకు ముందు దీని పేరు పాస్‌వర్డ్‌ఫైల్, పాత కాన్ఫిగరేషన్లలో ఇంకా అదే కనిపిస్తుంది). ఫైలు ఉన్నది వేరే పార్టిషన్ (డిస్కులో విడిగా కేటాయించిన భాగం) మీద. కొత్త కాన్ఫిగరేషన్‌ను బిల్డ్ చేసి వెంటనే అమలు చేసే రీబిల్డ్ స్విచ్ కమాండ్ ఏ అభ్యంతరమూ చెప్పకుండా పూర్తయింది, అడ్మినిస్ట్రేటర్ అధికారంతో పనులు చేయించే సుడో ఎప్పటిలాగే పాస్‌వర్డ్ అడిగి ఒప్పుకుంది. కొంతకాలానికి కరెంటు పోయి సర్వర్ మళ్లీ లేచాక ఎస్‌ఎస్‌హెచ్ కీతో (పాస్‌వర్డ్ లేకుండా దూరం నుంచి లాగిన్ అవడానికి వాడే కీ ఫైలుతో) లోపలికి వెళ్లగలిగాం, మా ఫైళ్లు చూసుకోగలిగాం, కానీ సుడో మాత్రం ఎంత జాగ్రత్తగా టైపు చేసినా పాస్‌వర్డ్ తప్పనే తిప్పికొట్టింది.

కారణం మానిటర్ తగిలించి బూట్ సందేశాలు చూసినప్పుడు తెలిసింది. పాస్‌వర్డ్ ఫైలు లేదని చెప్పే ఒకే ఒక్క హెచ్చరిక, క్షణంలో పైకి జరిగిపోయే పంక్తి. బూట్ సమయంలో ఖాతాలను సిద్ధం చేసే యాక్టివేషన్ స్క్రిప్టు, సేవలను మొదలుపెట్టే సిస్టమ్‌డీ మిగతా పార్టిషన్లను మౌంట్ చేయకముందే, అంటే వాడకానికి జోడించకముందే నడుస్తుంది. అప్పటికి ఉండేవి ప్రధాన సిస్టమ్ ఉండే రూట్ పార్టిషన్, దానితో పాటు బూట్‌కు అవసరమని సిస్టమ్ తనంతట తాను గుర్తించినవి లేదా మనం ప్రత్యేకంగా చెప్పినవి మాత్రమే. ఫైలు దొరకకపోతే స్క్రిప్టు ఆగిపోదు, హెచ్చరించి ముందుకు సాగుతుంది, మ్యూటబుల్‌యూజర్స్ ఫాల్స్ అయి ఉంటే, ఖాతాల హ్యాష్‌లు ఉండే షాడో ఫైలులో హ్యాష్ ఉండవలసిన చోట ఒక ఆశ్చర్యార్థక చిహ్నం రాస్తుంది. ఆ చిహ్నం ఉంటే ఏ పాస్‌వర్డూ సరిపోలదు. రూట్‌కు (సర్వాధికారాలున్న అడ్మినిస్ట్రేటర్ ఖాతాకు) గానీ, సుడో వాడే అనుమతి ఉన్న వీల్ గ్రూపులో ఎవరికైనా గానీ పాస్‌వర్డో ఎస్‌ఎస్‌హెచ్ కీయో లేకుండా బిల్డ్ చేయబోతే అడ్డుకునే తనిఖీ ఒకటి ఉంది, అది చాలా మంచి ఏర్పాటు. అయితే కాన్ఫిగరేషన్‌లో రాసి ఉందా లేదా అన్నదే అది చూస్తుంది, ఆ ఫైలు బూట్ వేళకు అందుతుందా అన్నది చూడదు. పైగా ఎస్‌ఎస్‌హెచ్ కీ ఉన్నంత మాత్రాన సుడోకు పాస్‌వర్డ్ వచ్చినట్టు కాదు.

ఇక నాకు ఎంతో నమ్మకమైన జాబితా దగ్గరకే వెళ్లి, ఈ మార్పుకు ముందటి జనరేషన్‌ను ఎంచుకున్నాను. సర్వర్ చక్కగా లేచింది, సేవలన్నీ నడిచాయి, పాస్‌వర్డ్ మాత్రం అక్కడా చెల్లలేదు. వెనక్కి వెళ్లినప్పుడు మారేవి ప్రోగ్రాములు, సేవలు, కాన్ఫిగరేషన్ నుంచి తయారైన ఫైళ్లు. షాడో ఫైలు వాటిలోది కాదు, అది డిస్కు మీద నిలిచి ఉండే స్థితి. పాత జనరేషన్‌లో మ్యూటబుల్‌యూజర్స్ ట్రూగా ఉంది, అంటే షాడోలో ఉన్నదాన్ని ముట్టుకోవద్దని అర్థం, కాబట్టి అది ఆ ఆశ్చర్యార్థక చిహ్నాన్ని కూడా భద్రంగా అలాగే ఉంచింది. పాత జనరేషన్‌లోనూ ఆ ఆప్షన్ ఫాల్స్‌గా ఉండి, హ్యాష్ దానికి అందుబాటులో ఉండి ఉంటే, కేవలం బూట్ అయినందుకే పాస్‌వర్డ్ తిరిగి వచ్చేది. అంటే ఖాతాలను పూర్తిగా కాన్ఫిగరేషన్‌కు అప్పగించినవారికి ఈ జాబితా పాస్‌వర్డ్ విషయంలోనూ రక్షణ ఇస్తుంది, ఆ పద్ధతిలోకి మారే ఆ మొదటి అడుగు దగ్గర మాత్రం ఇవ్వదు.

మిగిలిన దారుల్లో, బూట్ మెనూలో కెర్నల్ పంక్తిని సవరించి నేరుగా షెల్ తెరిచే వీలును మేము ముందే మూసేశాం, డాక్యుమెంటేషన్ సలహా కూడా అదే. మరమ్మతుల కోసం ఉండే రెస్క్యూ మోడ్ కూడా రూట్ ఖాతా లాక్ అయి ఉంటే తెరుచుకోదు. ఇక ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్ తీయక తప్పలేదు.

నన్ను నిజంగా సంతోషపెట్టిన సంగతి ఇక్కడుంది. ఇన్‌స్టాల్ కమాండ్ అనగానే అంతా తుడిచిపెట్టుకుపోతుందన్న భయం ఎవరికైనా సహజం, కానీ నిక్స్‌ఓఎస్-ఇన్‌స్టాల్ దేన్నీ ఫార్మాట్ చేయదు. పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లైవ్ వాతావరణంలో సుడోకు పాస్‌వర్డ్ అక్కర్లేదు కాబట్టి, రూట్ పార్టిషన్‌ను ఎంఎన్‌టీ డైరెక్టరీ కింద, బూట్ పార్టిషన్‌నూ ఆ విడి పార్టిషన్‌నూ వాటి వాటి స్థానాల్లో మౌంట్ చేసి, కాన్ఫిగరేషన్‌లో ఆ విడి పార్టిషన్‌కు నీడెడ్‌ఫర్‌బూట్ ట్రూ (బూట్‌కు అవసరం) అని ఒక్క పంక్తి చేర్చి, నిక్స్‌ఓఎస్-ఇన్‌స్టాల్ నడిపించాను. డిస్కులోని స్టోర్‌లో ఉన్న ప్యాకేజీలనే వాడుకుని, పాత జనరేషన్ల పక్కన మరో కొత్తదాన్ని చేర్చి, బూట్‌లోడర్‌ను సరిచేసి ముగిసింది. మాది ప్యాకేజీల వెర్షన్లను ఒక లాక్ ఫైలులో స్థిరంగా రాసిపెట్టుకునే ఫ్లేక్ పద్ధతి గనుక ఆ వెర్షన్లే వచ్చాయి, అలా రాసిపెట్టకుండా ఒక విడుదలను అనుసరించే ఛానెల్ పద్ధతి వాడేవారు తమ విడుదలకు సరిపోయే ఇన్‌స్టాలర్‌నే దగ్గర ఉంచుకోవడం మంచిది. రీస్టార్ట్ తర్వాత ఆ విడి పార్టిషన్ ముందుగానే మౌంట్ అయింది, ఫైలు దొరికింది, సుడో పాస్‌వర్డ్‌ను ఒప్పుకుంది.

ఇప్పటికీ ఎవరైనా అడిగితే ఆ జాబితా గురించే ముందు చెబుతాను, అయితే వెంటనే మరికొన్ని మాటలు కూడా చేరుస్తాను. చెత్త తొలగించే కమాండ్‌ను డీ ఆప్షన్‌తో నడిపితే పాత జనరేషన్లన్నీ పోతాయి, వెనక్కి వెళ్లడానికి ఏమీ మిగలదు. ఖాతాలకు సంబంధించిన మార్పును రీబిల్డ్ టెస్ట్‌తో (బూట్ మెనూలో చేర్చకుండా తాత్కాలికంగా అమలు చేసే కమాండ్‌తో) పరీక్షించినా షాడో ఫైలు అక్కడికక్కడే మారుతుంది, పాత జనరేషన్‌లో మ్యూటబుల్‌యూజర్స్ ట్రూగా ఉంటే రీస్టార్ట్ చేసినంత మాత్రాన అది వెనక్కి రాదు. ఇలాంటి మార్పు చేసిన రోజునే, యంత్రం దగ్గర మనిషి ఉండగానే, ఒకసారి రీస్టార్ట్ చేసి చూడటం ఇప్పుడు మా ఇద్దరి నియమం.

మా సర్వర్ ఇంట్లో అల్మారాలో ఉంది, కీబోర్డు, మానిటర్ తగిలించడం ఎంతసేపో పట్టదు, కాబట్టి మాకు ఈ పద్ధతి బాగానే సరిపోయింది, కొనసాగిస్తాం. దూరంగా ఎక్కడో అద్దెకు తీసుకున్న సర్వర్‌కు కన్సోల్ గానీ, సొంత ఇమేజ్‌తో బూట్ చేసే వీలు గానీ లేకపోతే, మ్యూటబుల్‌యూజర్స్‌ను ఫాల్స్ చేయమని నేనైతే చెప్పను.