ఆరేళ్లుగా డిస్ట్రాయర్ నడుపుతూ, క్యారియర్ విమానాల కింద బతకడం ఎలా నేర్చుకున్నాను

వరల్డ్ ఆఫ్ వార్‌షిప్స్ అనే ఆన్‌లైన్ ఓడల యుద్ధం ఆటలో యుద్ధం లోడ్ అవుతున్నప్పుడు రెండు జట్ల జాబితాలు కనబడతాయి. క్యారియర్, అంటే విమానాలను మోసే ఓడ, ఉంటే అది అందరికంటే పైన ఉంటుంది. ఆ పేరు చూడగానే ఇప్పటికీ నాకు కొంచెం టెన్షన్ వస్తుంది. నేను ఆడేది దాదాపు ఎప్పుడూ డిస్ట్రాయరే. ఆటలోని చిన్న ఓడల్లో అది ఒకటి. కవచం పేరుకే ఉంటుంది. పై టియర్లలో (ఓడల స్థాయిల్లో) కూడా ప్రాణం పాయింట్లు ఇరవై వేలకు అటూ ఇటూగానే ఉంటాయి. కనబడకుండా తిరగడమే దాని బలం. ఆ బలం మీదే దెబ్బ కొట్టేది క్యారియర్.

2019 జనవరిలో క్యారియర్ల ఆట తీరు మొత్తం మార్చేశారు. అంతకుముందు పైనుంచి మ్యాప్ చూస్తూ నాలుగైదు స్క్వాడ్రన్లను (విమానాల గుంపులను) ఒకేసారి నడిపేవారు. మార్పు తర్వాత ఒక్క స్క్వాడ్రన్‌ను విమానం వెనకాల నుంచి చూస్తూ స్వయంగా నడపాలి. నేను ఈ ఆటలోకి వచ్చింది ఆ మార్పు తర్వాతే. మొదటి ఏడాది నాకు ఏమీ అర్థం కాలేదు. విమానాలు వస్తే నా ఏఏ తుపాకులు (విమానాలను కాల్చేవి) కాలుస్తాయి కదా, ఎన్నో కొన్ని పడతాయి కదా అనుకునేవాణ్ని. ఒకటో రెండో పడేవి. మిగతావి నన్ను కొట్టి వెళ్లేవి. వెనకాలే శత్రు క్రూయిజర్ల (మధ్యరకం యుద్ధ ఓడల) గుండ్లు వచ్చేవి.

అసలు విషయం ఆ గుండ్లలోనే ఉందని తెలుసుకోవడానికి చాలాకాలం పట్టింది. డిస్ట్రాయర్‌ను చంపేది చాలాసార్లు రాకెట్లు కావు, విమానం మన మీద తిరుగుతున్నంతసేపు శత్రువులందరికీ మనం కనబడడం. రాకెట్లకు రెండు మూడు వేల ప్రాణం పోతే తట్టుకోవచ్చు. పది కిలోమీటర్ల దూరంలో ఉన్న మూడు క్రూయిజర్లు ఒక్కసారిగా మన వైపు తుపాకులు తిప్పితే ఆట అయిపోయినట్టే.

అందుకే కొత్తగా వచ్చినవాళ్లకు నేను మొదట చెప్పేది పీ కీ గురించి. అది ఏఏను ఆపేస్తుంది. ఏఏ ఆపి ఉంచితే చాలా డిస్ట్రాయర్లు విమానాలకు రెండు మూడు కిలోమీటర్ల దగ్గరికి వచ్చేదాకా కనబడవు. ఏఏ కాల్చడం మొదలుపెట్టిన క్షణం ఆ తుపాకులు ఎంత దూరం కాలిస్తే అంత దూరం నుంచీ కనబడతాం. మన తుపాకులే మన జాడ చెప్పేస్తాయి. ఏఏ ఆపి ఉంటే స్క్వాడ్రన్ మన పక్కనుంచి దాటిపోవడం కళ్లారా చూడొచ్చు. విమానాలు నేరుగా మన మీదికే వస్తూ ఇక తప్పించుకోలేమని తేలినప్పుడు మాత్రమే ఆన్ చేయాలి. అవి వెళ్లగానే మళ్లీ ఆపేయాలి. ఈ ఒక్క అలవాటుతో నా ఆట మారిపోయింది.

రెండో పాఠం కోసం నేనే ఒక నెల క్యారియర్ ఆడాను. అమెరికన్ వరసలో రేంజర్ నుంచి లెక్సింగ్టన్ దాకా వెళ్లాను. ఇష్టమై ఆడలేదు, ఎదుటివాడి తెర మీద ఏం కనబడుతుందో తెలుసుకుందామని ఆడాను. డిస్ట్రాయర్ ఆడేవాళ్లందరూ ఒక్కసారైనా ఈ పని చేయాలని గట్టిగా చెబుతాను. దాడి మొదలుపెట్టాక గురి గీత కుదురుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ సమయంలో విమానాన్ని పక్కకు తిప్పితే గురి మళ్లీ చెదిరిపోతుంది. నిలకడగా ఒకే వేగంతో పోతున్న ఓడను కొట్టడం సులువు. దాడి మొదలయ్యాక తిరిగి నా మీదికే వచ్చే డిస్ట్రాయర్‌ను కొట్టలేక చాలాసార్లు పైనుంచి దాటిపోయాను. రెండుసార్లు తప్పితే మూడోసారి వెళ్లబుద్ధి కాదు, ఇంకో ఓడను వెతుక్కుంటాం. అప్పటినుంచి నా ధ్యేయం కూడా అదే అయింది: విమానాలను కూల్చడం కాదు, నా మీద సమయం వృథా అని అవతలివాడికి అనిపించేలా చేయడం.

రాకెట్ విమానాలు వస్తే వాటి వైపే ముక్కు తిప్పుతాను. పారిపోతే వాటికి గురి చూసుకునే సమయం మనమే ఇచ్చినట్టు. 2021లో వచ్చిన మార్పు తర్వాత చాలా రాకెట్ విమానాలు ముందు మెషిన్ గన్లు కాల్చి, ఆ తర్వాతే రాకెట్లు వదులుతాయి. ఆ కొద్ది వ్యవధిలో వేగం తగ్గించినా, చుక్కాని ఎదురు తిప్పినా రాకెట్లు నీళ్లలో పడతాయి. టార్పెడో విమానాలకూ ముక్కే చూపించాలి. నీళ్లలో పడ్డ టార్పెడో కొంత దూరం పోతేగానీ పేలదు కాబట్టి దగ్గరగా వెళ్లడమే మేలు. అమెరికన్ డైవ్ బాంబర్ల విషయం వేరు. వాటి బాంబులు వచ్చిన దిశలోనే పొడవుగా పడతాయి, కాబట్టి ఓడను వాటి దారికి అడ్డంగా పెట్టాలి. ఇంత చెప్పినా, ఏ వైపు తిరిగితే శత్రు ఓడలకు మన పక్క భాగం చూపిస్తామో ముందు చూసుకోవాలి. రెండు రాకెట్లు తగిలినా సరే అనుకుని ఓడల గుండ్ల నుంచి తప్పుకున్న సందర్భాలే నాకు ఎక్కువ.

స్మోక్, అంటే దాక్కోవడానికి వేసే పొగ తెర గురించి ఒక మాట. విమానాలు కనబడగానే కంగారుపడి స్మోక్ వేయడం నేను చాలాకాలం చేసిన తప్పు. కదలకుండా పొగలో కూర్చుంటే క్యారియర్‌కు మనం ఎక్కడున్నామో తెలిసిపోతుంది, శత్రు డిస్ట్రాయర్ అటు టార్పెడోలు వదులుతుంది. ఇప్పుడు స్మోక్‌ను పారిపోవడానికే దాచుకుంటాను.

ఓడల సంగతికి వస్తే, నేను ఎక్కువగా నడిపినవి మూడు. జపాన్ కాగెరో చాలా బాగా దాక్కుంటుంది, కెప్టెన్ స్కిల్స్ పెడితే ఓడలకు ఐదున్నర కిలోమీటర్ల లోపుకు వస్తేగానీ కనబడదు. ఏఏ మాత్రం ఉన్నా లేనట్టే. క్యారియర్ ఉన్న యుద్ధంలో కాగెరోతో మొదటి రెండు నిమిషాల్లో క్యాప్‌లోకి (జట్లు ఆక్రమించుకోవాల్సిన చోటులోకి) దూరకండి. అవతలి మొదటి స్క్వాడ్రన్ వెతుక్కుంటూ వచ్చేది అక్కడికే. టూ బ్రదర్స్ మ్యాప్‌లో అలా తొందరపడి యుద్ధం మొదలైన మూడో నిమిషంలోనే మునిగిపోయి, మిగతా ఆటంతా మా జట్టు కష్టపడుతుంటే చూస్తూ కూర్చున్న రోజు నాకు ఇంకా బాధే. ఫ్లెచర్ అన్నిటికీ పనికొస్తుంది. ఇంజిన్ బూస్ట్ బదులు డిఫెన్సివ్ ఏఏ (కాసేపు ఏఏ బలం పెంచేది) పెట్టుకోవచ్చు, కానీ నేను బూస్టే ఉంచుతాను. తప్పించుకోవడానికి వేగమే ఎక్కువ అక్కరకు వస్తుంది.

మనసుకు దగ్గరైంది కిడ్. అదీ ఫ్లెచర్ తరగతి ఓడే. టార్పెడో లాంచర్ ఒక్కటే, బూస్ట్ లేదు. కానీ డిఫెన్సివ్ ఏఏ, పోయిన ప్రాణం కొంత తిరిగి తెచ్చుకునే రిపేర్ పార్టీ రెండూ ఉన్నాయి. రాకెట్ల దెబ్బ తిన్నాక కొండ చాటుకు పోయి కోలుకుని మళ్లీ యుద్ధంలోకి రావడం వేరే డిస్ట్రాయర్లలో చాలావాటికి కుదరదు. క్రూయిజర్ పక్కనే, ముఖ్యంగా వూస్టర్ లాంటి ఏఏ ఓడ పక్కన నడిస్తే మన మీదికి రావాలంటే విమానాలు వెనకాడతాయి.

కిడ్ గురించి చదివాక దాన్ని నడపడంలో నా మనసే మారింది. నిజమైన కిడ్ మీద 1945 ఏప్రిల్ 11న ఒకినావా దగ్గర జపాన్ ఆత్మాహుతి విమానం ఢీకొట్టింది. 38 మంది చనిపోయారు. ఓడ మునగలేదు. తర్వాత దాన్ని అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని బేటన్ రూజ్‌లో మ్యూజియంగా నిలిపారు. అప్పట్లో డిస్ట్రాయర్లను ఒకినావా చుట్టూ దూరదూరంగా నిలబెట్టి, రాడార్‌తో విమానాలను ముందే పసిగట్టే కాపలా పని అప్పగించారు. అందుకే ముందు దెబ్బలు వాటికే తగిలాయి. ఏప్రిల్ 16న లాఫీ అనే ఇంకో డిస్ట్రాయర్ వరస దాడులను తట్టుకుని తేలుతూనే ఉంది. ఆటలో నాకు పోయేది ఒక యుద్ధం మాత్రమే. ఆ ఓడల మీద ఉన్న కుర్రాళ్ల సంగతి తలచుకుంటే గొంతు పట్టేస్తుంది.

ఇంత ఆడినా క్యారియర్, డిస్ట్రాయర్ల మధ్య పోరు సమానంగా ఉందని నేను అనలేను. మ్యాప్ చివర కూర్చున్న క్యారియర్‌ను నేను తిరిగి కొట్టే అవకాశం ఆట చివరి నిమిషాల్లో తప్ప రాదు. మంచి ఆటగాడు నన్ను చంపాలని పట్టుబడితే చంపగలడు, నేను చేయగలిగేది ఆలస్యం చేయడమే. ఆ ఆలస్యానికీ విలువ ఉంది. నా వెనకాల మూడు దాడులు వృథా చేసుకున్న క్యారియర్ ఆ ఐదు నిమిషాలూ మా బ్యాటిల్‌షిప్‌ల జోలికి వెళ్లలేదు. అలాంటి యుద్ధంలో చివర నా పేరు పట్టికలో కింద ఉన్నా, మా జట్టు గెలిస్తే నాకు తృప్తే.

కొత్తవాళ్లు డబ్బు పెట్టకుండా ఆడాలనుకుంటే అమెరికన్ డిస్ట్రాయర్ల వరస ఎంచుకోండి, తప్పులు చేసినా కాస్త బతకనిస్తుంది. యూరోపియన్ వరసల్లో మొదట వచ్చినదానికి ఏఏ బలం ఉంది కానీ స్మోక్ లేదు, అందుకే అది దాక్కోవడం బాగా వచ్చాకే. లాస్ట్ స్టాండ్ స్కిల్ మాత్రం ఏ డిస్ట్రాయర్‌కైనా తప్పక పెట్టండి. రాకెట్ల దెబ్బకు ఇంజిన్, చుక్కాని పాడైనప్పుడు కాస్తయినా కదలగలిగేది దానివల్లే.