ఉద్దానంలో ఉండి డీఎస్సీనా, అశోక్‌నగర్ వెళ్లి సివిల్సా?

మా పిన్ని కూతురు బీఈడీ పూర్తిచేసింది. ఊరు శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉండే ఉద్దానం ప్రాంతంలో, బాబాయికి డయాలసిస్. ఇంట్లోనే ఉండి టీచర్ పోస్టుల పరీక్ష డీఎస్సీ రాయాలా, హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ వెళ్లి సివిల్స్‌కి చదవాలా, ఎటూ తేల్చుకోలేకపోతోంది.

ఇంట్లో ఉంటే డీఎస్సీ. వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు ఆస్పత్రిలో కూర్చునే చదువుకోవాలి. డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేసిన చేతికి బీపీ పట్టీ చుట్టనివ్వకూడదు. ఇంటికొచ్చాక తాగే నీళ్లు కొలిచి ఇవ్వాలి. ఇవన్నీ తమ్ముడూ నేర్చుకోగలడు, వాణ్ని అడిగేవాళ్లేరీ! పైగా డీఎస్సీ ఏటా రాదు. ఆంధ్రాలో 2018 తర్వాత పెద్ద ఎత్తున భర్తీ జరిగింది 2025లోనే, 16,347 పోస్టుల నోటిఫికేషన్‌తో.

అశోక్‌నగర్ అంటే హాస్టల్, కోచింగ్ ఖర్చులు, ఇంటి నుంచి ఫోన్ మోగితే టెన్షన్. సివిల్స్‌కి జనరల్ వాళ్లకు 32 ఏళ్లదాకా ఆరుసార్లు, ఓబీసీలకు 35 దాకా తొమ్మిదిసార్లు అవకాశం. కాస్త ఆలస్యమైనా పరీక్ష ఆగుతుంది, బాబాయి ఆరోగ్యం ఆగదు.

నన్నడిగితే ముందు డీఎస్సీ. శ్రీకాకుళం జిల్లాకే చెందిన రోణంకి గోపాలకృష్ణ టీచరుగా పనిచేస్తూనే, తెలుగులో మెయిన్స్ రాసి 2016 సివిల్స్‌లో 3వ ర్యాంకు కొట్టారు. కాకపోతే ఆస్పత్రి వంతుల్లో సగం తమ్ముడికి ఇప్పుడే అప్పగించాలి. ఆ మాట పిన్నితో నేనే చెబుతాను.